మా పనిబల్ల

తెలుగు అయ్యవారికి వడ్రంగముతో పనియేమి యని మిత్రులు కొందరు మమ్ము పరిహసించిరి. సుద్దముక్క పట్టిన చేతికి ఉలి ఏల యని ఒకరు, గణములు లెక్కించువారు అంగుళములు లెక్కించుట ఎప్పటినుండి యని మరియొకరు అడిగిరి. అప్పుడు మేము నవ్వి ఊరకుంటిమి. ఇప్పుడు మా యింటి వెనుక పంచలో ఒక పనిబల్ల యున్నది. దాని పొడవు 6 అడుగులు, వెడల్పు 2 అడుగులు, ఎత్తు 33 అంగుళములు. ఇద్దరు మనుష్యులు నెట్టినను అది కదలదు. అది ఎట్లు నిలిచినదో, దానిని నిలుపునప్పుడు మా పాండిత్యము ఎక్కడ తప్పటడుగు వేసినదో మా విద్యార్థులకు చెప్పవలసిన బాధ్యత మాపై నున్నది. అందులకే ఈ వ్యాసము.

2020 మార్చి నెలలో కరోనా వ్యాధి కారణమున బడులు మూతపడినవి. పాఠము వినుటకు పిల్లలు లేరు; దిద్దుటకు నోటుపుస్తకములు లేవు. ఇంట పుస్తకముల బీరువా కాలొకటి చెదపట్టి ఒరిగియుండుట అప్పుడు మా కంటబడినది. ఒక రంపము, ఒక సుత్తి, ఒక ఉలి, ఒక చిన్న చిత్రిక సంపాదించి పనికి దిగితిమి. భోజనపు బల్లమీద చెక్కనుంచి కోయబోగా బల్లపై గాటు పడినది. మా యింటివారు ఆ గాటును చూచి ఏమియు అనలేదు. ఆ రాత్రి మాకు నేలమీదనే ఆకు వేసిరి. సంగతి గ్రహించి మా పనిని వెనుక పంచలోనికి మార్చితిమి.

పని చేయుటకు ముందుగా పనిబల్ల కావలెనని ఆనాడు తెలిసినది. మా కృష్ణగిరి జిల్లాలో మామిడితోటలు విస్తారము. పండ్లు నింపు పెట్టెల చెక్కలు చౌకగా దొరకును. ఆ చెక్కలు తెచ్చి, నాలుగు కాళ్లు నిలిపి, పైన పలకలు పరచి, అన్నింటిని మేకులతో బిగించి రెండు దినములలో బల్లను లేపితిమి. చూచుటకు ముచ్చటగానే యుండెను. చిత్రికతో ఒక త్రోపు త్రోసితిమి. చెక్కకు మారుగా బల్ల కదలినది. మరి నాలుగు త్రోపులకు అది గోడదాక నడచినది. వారము గడచునప్పటికి మేకులు వదులై, ఎటు త్రోసిన అటు ఒరగసాగినది. తప్పు చిత్రికదే యనుకొని దానిని అమ్మిన అంగడివానిని నిందించితిమి. ఆడలేక మద్దెల ఓడన్న సామెతను ఏటేట పిల్లలకు బోధించువారమే, సమయము వచ్చినపుడు ఆ సామెత మాకే గుర్తునకు రాలేదు.

మా వీథి చివర ఒక వృద్ధ వడ్రంగి కలడు. ఊరివారు ఆయనను ఆచారి తాత యందురు. వయస్సు ఎనుబదికి చేరువ. ఇంట తెలుగు, సంతలో కన్నడము, కచేరీలో తమిళము – ఈ హోసూరు ప్రాంతమున మనలో అనేకుల వలెనే ఆయన నాలుకయు మూడు భాషలలో మెలగును. రాకపోకల కట్టుబాట్లు సడలిన తరువాత, చిత్రిక అలుగుకు పదును పెట్టించుటకై ఆయన వద్దకు పోయి, పనిలోపనిగా వెంటబెట్టుకొని వచ్చి మా బల్లను చూపితిమి. ఆయన బొటనవ్రేలితో దాని మూలను మెల్లగా నెట్టెను.

"అయివారూ, ఇది బల్ల కాదు, ఉయ్యాల" అనెను.

"ఇంకా నాలుగు మేకులు కొడితే నిలుస్తుందా తాతా?"

"మేకు అతుకుతుంది గాని పట్టుకోదు. కట్టెను కట్టే పట్టుకోవాల."

ఆ మాటతో మా రెండవ చదువు ప్రారంభమైనది.

విద్యార్థులారా, భోజనపు బల్లకును పనిబల్లకును గల భేదమును మొదట గ్రహింపుడు. భోజనపు బల్లమీది బరువు నేలవైపునకే దిగును. పనిబల్లకు అట్లు కాదు. చిత్రిక దానిని పొడవువాటున త్రోయును; రంపము ముందునకు వెనుకకు లాగును; ఉలిమీది దెబ్బ పైనుండి పడును. ఈ మూడింటికి ఓర్చుకొనుటకు మూడు గుణములు కావలెను: బరువు, అతుకుల బిగువు, తగిన ఎత్తు. ఫ్రాన్సు దేశమున ఆంద్రే రూబో అను వడ్రంగి 1769 మొదలు 1774 వరకు తన వృత్తిని గూర్చి గొప్ప గ్రంథమును భాగములుగా ప్రకటించెను. అందు ఆయన చూపిన పనిబల్లకు ఒకే మందపు పలక, బలిష్ఠమైన నాలుగు కాళ్లు. ఆ కాళ్ల తలలు పలకలోనికే దిగియుండును. రెండువందల యేబది సంవత్సరములు గడచినను అనేక దేశముల వడ్రంగులు నేటికిని ఆ పద్ధతినే అనుసరించుచున్నారు. మేమును దానినే ఎన్నుకొంటిమి.

ఆ చిత్రమును ఆచారి తాతకు చూపగా ఆయన చాలసేపు చూచి, "నిలబడి చేసేవాళ్లకు ఇది బాగుంటుంది" అనెను. ఆయన జన్మలో పనిబల్ల యెరుగడు. మన దేశపు వడ్రంగి నేలపై కూర్చుండి, పాదములతోనే కొయ్యను అదిమిపట్టి పని చేయుట అనాదిగా వచ్చిన అలవాటు. ఆయన కుడికాలి బొటనవ్రేలు ప్రక్కకు విరిసి, మొద్దుబారి యుండును. పాశ్చాత్యుడు ఇనుపమరతో బిగించు కొయ్యను ఆయన ఆ వ్రేలితో బిగించును. తనకు అక్కరలేని బల్లను తాను చేయించుటకు ఆయన ఒప్పుకొనుట మా భాగ్యము.

మొదట ఎత్తు నిర్ణయించితిమి. తిన్నగా నిలువబడి చేతులు క్రిందికి వ్రేలాడవేసినపుడు అరచేయి మొదలు ఎంత ఎత్తున ఉండునో, చిత్రిక పనికి బల్ల అంత ఎత్తున నుండుట మేలు. ఎక్కువైన భుజములు నొచ్చును. తక్కువైన నడుము నొచ్చును. మాకది 33 అంగుళములుగా తేలినది. ఇతరుని బల్ల కొలత మీకు సరిపడదు. ఈ యొక్క విషయమున ఎవరి కొలబద్ద వారి దేహమే.

తరువాత కొయ్య. పచ్చికొయ్య పనికిరాదు. కోసి నీడన ఆరబెట్టిన పలక, అంగుళము మందమునకు సుమారు ఒక సంవత్సరము చొప్పున ఆరవలెనని వడ్రంగుల లెక్క. 3 అంగుళముల పలకకై మూడేండ్లు వేచియుండు ఓపిక మాకు లేకపోయినది. అందుచేత పాత యిండ్లు కూల్చినపుడు వచ్చు దూలములు, ద్వారబంధములు అమ్ము కొట్టునకు పోతిమి. వేపదూలములు నాలుగు దొరికినవి. ఆచారి తాత వానిని గోటితో గీరి, సుత్తితో తట్టి, చెవి యొగ్గి విని, ఒకదానిని వలదనెను. పైపొర తెల్లకట్టె, దానిని పురుగు తొలుచును. లోని ఎరుపుకట్టె చేవ. చేవయున్న మనిషి, చేవలేని మాట యని మనము నిత్యము అనుచుందుము. ఆ చేవ యెట్లుండునో మేము కన్నులార చూచినది ఆనాడే. ఈ సంగతిని జ్ఞాపకముంచుకొనుడు. దీనితో మరల పని కలదు.

దూలములను కోతమిల్లునకు చేర్చితిమి. పాత కొయ్యలో మేకులు దాగియుండునని తాత ముందే హెచ్చరించియుండెను. మేము అయస్కాంతముతో వెదకి పదునాలుగు మేకులు తీసి, ఇక లేవని ధైర్యము చెప్పితిమి. పదునైదవది రంపపు పట్టీ పండ్లను రాల్చినది. పట్టీ వెల మేమే చెల్లించితిమి. పరీక్షాపత్రములు దిద్దునపుడు ఒక తప్పు మా కన్నుగప్పినచో విద్యార్థి సంతోషించును. కొయ్య అట్లు సంతోషింపనీయదు.

ఇక కొయ్య స్వభావము. చెట్టు నరికిన తరువాతను కొయ్య చలనము మానదు. పచ్చికొయ్యలోని నీరు రెండు చోట్ల నుండును: కణముల నడిమి ఖాళీలలో కొంత, కణముల గోడలలో కొంత. ఖాళీలలోని నీరు పోయినంతవరకు కొయ్య కొలత మారదు. గోడలలోని నీరు ఆరజొచ్చిన పిమ్మట కుదించుకొనును. వానకాలపు తేమను పీల్చి మరల ఉబ్బును. శ్రావణమాసమున తలుపు బిగిసి, వేసవిలో వదులగుట మీరందరు ఎరిగినదే. విశేషమేమన, ఈ ఉబ్బుట, కుదించుకొనుట వెడల్పువాటుననే. పొడవువాటున లేనట్లే యనవచ్చును. వెడల్పులో సహితము వయస్సు వలయముల వెంబడి కలుగు మార్పు, నడిమినుండి వెలుపలికి కలుగు మార్పునకు సుమారు రెండింతలు. ఈ ధర్మమును ఎరుగక వెడల్పు పలకను అన్ని వైపుల బిగించి కదలకుండ చేసినచో అది బిగువును సహింపక నిలువున పగులును. అందుచే మేము ఒకే వెడల్పు పలకకు మారుగా పదునొకటిన్నర అంగుళముల పలకలు రెండు వేసి, నడుమ ఒక అంగుళము సందు విడిచితిమి. ఏ పలక ఎంత ఉబ్బినను దానికి చోటున్నది. ఆ సందులో ఉలులు నిలుపుకొనవచ్చును. గట్టిగా నిలుచుటకు కదలిక చోటు కూడ కావలెనని ఆ సందు మాకు నేర్పినది.

ఇప్పుడు అతుకుల సంగతి. ఈ వ్యాసము వ్రాయుటకు కారణమైన ఘట్టము ఇచ్చటనే కలదు.

ఆచారి తాత కాలికొయ్యను నేలపై పరుండబెట్టి, మూలమట్టము పెట్టి గీతలు గీచుచు, "ఈడ బెజ్జము. ఆ అడ్డకొయ్యకు కూసము" అనెను.

"ఏమన్నారు తాతా?"

"కూసము. బెజ్జములో దిగే కొన. కూసము బాగుంటే బల్ల నిలుస్తుంది. కూసము కదిలితే అన్నీ కదిలినట్లే."

మేము చేతిలోని పెన్సిలు క్రింద పెట్టితిమి. కూసములు కదలిపోయినవని పత్రికలలో ఎన్ని మారులు చదివితిమి! ఏదో యొక దేశపు ప్రభుత్వము తలక్రిందులైనప్పుడెల్ల పత్రికలవారు ఆ మాట వాడుదురు. మేము సహితము ఆ జాతీయమును నల్లబల్లపై వ్రాసి, ఆధారము చలించుట యని అర్థము చెప్పి, సొంతవాక్యములలో ప్రయోగింపుమని పిల్లలను ఆజ్ఞాపించితిమి. కూసమనగా చేతితో పట్టి చూడదగిన వస్తువని, దానిని చేయువాడు మా వీథి చివరనే యున్నాడని మేమెన్నడు ఎరుగము.

తాత తల యెత్తకయే మాటలాడుచుండెను. "మావాడు మీ కాడ చదివినాడు కదా. ఎనిమిదో తరగతిలో ఒకనాడు ఇంటికి వచ్చి, తాతా, నీ మాట తెలుగు కాదంట, అయివారు ఎర్రసిరాతో కొట్టేసినారు అన్నాడు. మనము మూడు భాషల మధ్య ఉండేవాళ్లము, ఏ భాషదో నా నోట పడిందేమో అనుకుంటిని. అప్పటి నుంచి వాని ముందర ఆ మాట అనేది మానుకుంటిని."

మాకు ఆ నోటుపుస్తకము జ్ఞాపకము వచ్చినది. మా యింటి వృత్తి యను శీర్షికపై వ్యాసము వ్రాయుమంటిమి. ఆ బాలుడు తాతగారి పనిని గూర్చి ఒక పుట వ్రాసెను. అందు "మంచపు కోడు కూసము బిగువుగా ఉండవలెను" అను వాక్యము కలదు. ఓకారమునకు మారుగా ఊకారము వ్రాసినాడని తలచి, కూసమును కొట్టివేసి, కోసము అని దిద్దితిమి. అట్లు దిద్దిన పిమ్మట వాక్యమునకు అన్వయము కుదరలేదు. అందుచే ప్రక్కన "కర్త లేదు" అని వ్రాసి, పదింట రెండు మార్కులు తగ్గించితిమి. ఆ వాక్యమునకు కర్త యుండెను. దానిని కొట్టివేసినది మేము.

ఆ సాయంకాలము పత్రికల కట్ట విప్పి, కూసమను మాట గల ఒక వార్తను వెదకి, తాత యింటికి తీసికొనిపోయి చదివి వినిపించితిమి. ఇది తెలుగు మాటయే యనియు, తప్పు మాదనియు చెప్పితిమి. "పేపర్లో కూడా రాస్తారా?" అని ఆయన ఆశ్చర్యపడెను. ఆయనకు చదువు రాదు. ఆ మాట ఎక్కడ నున్నదో చూపుమని, అక్షరములపై వ్రేలుంచి కొంతసేపు చూచెను. మేము క్షమింపుమని కోరగా, దానికి నేరుగా బదులు చెప్పక, "రేపు పొద్దున్నే రండి. బెజ్జాలు తొలిచేది ఉంది" అనెను.

మరునాటినుండి బెజ్జములు తొలిచితిమి. కూసము మందము కొయ్య మందములో మూడవ వంతునకు తగ్గరాదు. గీతపై రంపమును నడపరాదు. వ్యర్థమగు వైపుననే నడపి, గీతను కొయ్యకే మిగుల్చవలెను. మొదటి కూసమున మేము ఈ నియమమును తప్పితిమి. గీత తెగి కూసము పలుచనై, బెజ్జములో గలగలలాడెను. పారవేయుదుమా యని అడిగితిమి. "ఉలి అందరికీ జారుతుంది అయివారూ. జారిన కాడ చెక్క వేసి నిలుపుకోవాల" అని ఆయన పలుచని వేపచెక్కనొకదానిని దానికి అతికించి, మరల గీతదాక చెక్కించెను. ఆ యతుకు బల్ల యెడమకాలియందు నేటికిని కనబడును. మేము దానిని దాచలేదు.

అతుకును బిగించు ఉపాయము మిక్కిలి రమ్యమైనది. మేకు లేదు, మర లేదు. కేవలము ఒక వెదురుచీల. బెజ్జము గల కాలికి ప్రక్కనుండి రంధ్రము చేయవలెను. కూసమును దిగవేసి, ఆ రంధ్రపు గురుతును కూసముపై వేసికొని, బయటికి తీసి, కూసమునకు రంధ్రము చేయవలెను. ఐతే సరిగా ఆ గురుతుననే కాదు. కూసము మొదలువైపునకు అంగుళములో పదునారవ వంతు జరిపి చేయవలెను. అప్పుడు ఎండిన వెదురుచీలను కొట్టినచో, అది వంకర దారిలో దూరుచు కూసమును లోనికి లాగి బిగించును. జిగురు ఒకనాటికి విడిపోవచ్చును. ఆ చీల ఉన్నంతవరకు ఆ లాగుడు విడువదు. కాళ్ల తలలయందలి కూసములు పై పలకలను దాటి పైకి వచ్చును. వాని నెత్తిన గాటు పెట్టి, ఏటవాలు చెక్కముక్కలు కొట్టితిమి. కొన విచ్చుకొని పలకను పట్టినది.

2021 సంక్రాంతి పండుగకు తాత మనుమడు వచ్చెను. మా బడి విడిచిన పిమ్మట పారిశ్రామిక శిక్షణ పొంది, ఒక కర్మాగారమున యంత్రముపై పని చేయుచున్నాడు. మిల్లీమీటరులో నూరవ వంతు కొలిచి పని చేయువాడు. చివరి రెండు చీలలు అతనిచేత కొట్టించితిమి. అతని దెబ్బ ఒకటియు ప్రక్కకు పోలేదు. పని ముగిసిన తరువాత ఆ వాక్యము సంగతి మేమే ఎత్తితిమి.

"గుర్తుంది సార్" అని నవ్వెను. "దాని తరువాత వ్యాసాలన్నీ గైడు చూసి రాసినాను. మార్కులు బాగా వచ్చినాయి."

అతడు కోపముతో అనలేదు. మమ్ము ఓదార్చుటకే యనెను. మార్కులు బాగుగా వచ్చిన మాట నిజమే. అవి వేసినదియు మేమే. ఇంటి మాటను వ్రాసిననాడు తగ్గించి, ఇంటి మాటను దాచిననాడు హెచ్చించితిమి. తెలుగును కాపాడుచున్నామనుకొని మేము ఆనాడు చేసిన పని యిది.

కొన్ని దినములకు పై పలకలను చదును చేసితిమి. రెండు తిన్నని బద్దలను బల్ల రెండు కొనల నిలిపి, ఒకదానిమీదుగా మరియొకదానిని చూచినచో మెలిక యెక్కడనున్నదో తెలియును. మెట్టగా నున్నచోట మూలనుండి మూలకు చిత్రిక పట్టి, తుదకు పొడవువాటున పట్టవలెను. అది ముగిసిననాడు ఒక వేపపలకను బల్లపై నుంచి, ఎదుట అడ్డుకొయ్య బిగించి, చిత్రికను త్రోసితిమి. బల్ల కదలలేదు. ఆరడుగుల పొడవున ఉల్లిపొరవంటి చిత్రిక పొట్టు తెగక లేచి చుట్టలు చుట్టుకొనెను. బల్ల మొత్తము బరువు సుమారు 100 కిలోలు. అంగడిలో కొన్న ఆ చిన్న చిత్రికయందు ఏ దోషము లేదని ఆనాడు తెలిసినది. అంగడివానికి ఆ సంగతి పోయి చెప్పి వచ్చితిమి.

మేము తిరుపతిలో ఉపాధ్యాయ శిక్షణ పొందినవారము. అచ్చట నేర్చిన తెలుగు మంచిది. దానికి మేము ఋణపడియున్నాము. ఐతే ఇచ్చటికి వచ్చిన తరువాత ఆ తెలుగునే కొలబద్దగా పట్టుకొని, తరతరములుగా ఈ సీమలో బ్రదుకుచున్న తెలుగును కొలిచితిమి. మాకు తెలియని ప్రతి మాటను తమిళమనియో, కన్నడమనియో, తప్పనియో తీర్మానించితిమి. ఇతరుని బల్ల ఎత్తు మనకు సరిపడదని కొయ్య విషయమున ఒప్పుకొన్నవారము, మాట విషయమున ఒప్పుకొనలేదు. చేవ లోపల నుండగా పైపొరను చూచి కొయ్యను త్రోసివేసినవాడు వడ్రంగి కాడు. తెలుగు అయ్యవారును కాడు.

పొరుగు భాషలను చూచి బెదరవలసిన పనియు లేదు. ఉలిని తమిళులు ఉళి యందురు. కన్నడిగులును ఉళి యందురు. రంపమును తమిళులు రంబమందురు. పని చేయు చేతులకు ఈ మూడు భాషలు ఎన్నడో చుట్టములైనవి. 2006 సంవత్సరపు చట్టము తరువాత ఈ రాష్ట్రమున 1వ తరగతి మొదలు క్రమముగా 10వ తరగతి వరకు తమిళము తప్పనిసరి పాఠ్యాంశమైనది. దానిని శ్రద్ధగా నేర్చుకొనుడు. ఇంటి తెలుగును మాత్రము బడి గడపవద్ద విడిచి రాకుడు. విడిచి రమ్మని మేము చెప్పియున్నచో, అది మా తప్పు.

చేతిపనిని బడిలోనికి తేవలెనను యత్నము క్రొత్తది కాదు. 1937లో వార్ధాలో జరిగిన విద్యాసభలో గాంధీమహాత్ముడు చేతిపని ద్వారా చదువు చెప్పవలెనని ప్రతిపాదించెను. మన హోసూరు చెంతనున్న తొరపల్లిలో జన్మించిన రాజగోపాలాచారిగారు, మదరాసు ముఖ్యమంత్రిగా నుండి, 1953లో గ్రామములందలి పిల్లలు ఒక పూట బడిలో చదివి మిగిలిన కాలము ఇంటి వృత్తి నేర్చుకొను పద్ధతిని ప్రవేశపెట్టిరి. అది బిడ్డలను కులవృత్తికే కట్టివేయునని ప్రజలలో గొప్ప ప్రతిఘటన లేచినది. 1954లో కామరాజుగారి ప్రభుత్వము దానిని రద్దు చేసినది. ఆ ప్రతిఘటన న్యాయమైనదని మా అభిప్రాయము. వడ్రంగి మనుమడు యంత్రముపై పని చేయవలెను; తెలుగు అయ్యవారు ఉలి పట్టవలెను. చేతిపని పుట్టుకకు గాక మనుష్యులందరికి చెందిననాడే దానికి గౌరవము, దాని మాటలకు గౌరవము.

విద్యార్థులారా, మేమిప్పుడొక పుస్తకము పెట్టియున్నాము. మీ యింటివారు తమ పనిలో వాడు తెలుగు మాటలను పదేసి చొప్పున వ్రాసి తెండు. సేద్యము చేయువారి పిల్లలు మేడి, నొగ మొదలుకొని వ్రాయుడు. నేతవారి పిల్లలు నాడె, పన్నె మొదలుకొని వ్రాయుడు. కుమ్మరివారి పిల్లలు సారె మొదలుకొని వ్రాయుడు. మాకు తెలియని మాట వచ్చినచో కొట్టివేయము. మీ యింటికి వచ్చి అడిగి తెలిసికొందుము. ఆ పుస్తకమున మొదటి మాటను మేమే వ్రాసితిమి: కూసము. ఎదుట దాని అర్థమును తాత చెప్పినట్లే వ్రాసితిమి: బెజ్జములో దిగే కొన.

బడి బెంచీలు కొన్ని కాళ్లు కదలి మూలపడి యున్నవి. శనివారపు మధ్యాహ్నము వానిని మా పంచకు చేర్చి బాగుచేయ తలచితిమి. కూసము చెక్కుట నేర్చుకొనగోరువారు, బాలురైనను బాలికలైనను, రండు. ఉలులు ఉన్నవి, బల్ల యున్నది. ఆచారి తాత ఓపిక యున్ననాడు వచ్చి నేలపైననే కూర్చుండును. ఆయనకు కుర్చీ వేయబోకుడు. ఆయన చెప్పు మాటలను మాత్రము శ్రద్ధగా వ్రాసికొనుడు.